గోదావరి లోయ అడుగున ఏముంది? మట్టి కింద దాగిన పగుళ్లను ఎలా పట్టుకుంటారు, ఆ మ్యాప్‌తో మీకేం పని?

2024 డిసెంబర్ 4, ఉదయం 7.27 గంటలు. ములుగు జిల్లా మేడారం అటవీ ప్రాంతంలో పుట్టిన భూకంపం వరంగల్, ఖమ్మం, కొత్తగూడెం జిల్లాలను కదిలించింది. అటు హైదరాబాద్‌లోనూ, ఇటు విజయవాడలోనూ జనానికి తెలిసింది. తీవ్రత 5.3. ప్రాణనష్టం జరగలేదు. కానీ ఆ రోజంతా ఫోన్లలో తిరిగిన ప్రశ్న ఒక్కటే: "మన దగ్గర కూడా భూకంపాలు వస్తాయా?"

వస్తాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర సుమారు 5.7 తీవ్రతతో ఒకటి వచ్చింది. రెండూ గోదావరి లోయలోనే. ఈ లోయ మామూలు నదీలోయ కాదు. కోట్ల ఏళ్ల కిందట భూమి పొర చీలి, మధ్య భాగం కుంగి ఏర్పడిన పల్లం. ఆ చీలికల్లో చాలావరకు ఇప్పుడు మట్టి, ఇసుకరాయి కింద ఉన్నాయి. పైన నడిచేవారికి కనిపించవు.

కనిపించని వాటిని మ్యాప్ మీదకు ఎలా తెస్తారు? ఆ మ్యాప్ నిజంగా ఏం చెబుతుంది, ఏం చెప్పదు? ఇల్లు కొనేవారికి, కట్టుకునేవారికి దాంతో పనేమిటి? చూద్దాం.

పగులు ఎందుకు కనిపించదు?

భూమి లోపలి రాతి పొర ఒకచోట తెగి, రెండు వైపులా ఉన్న భాగాలు ఒకదాని పక్కన ఒకటి జరిగితే ఆ తెగిన చోటును ఫాల్ట్ అంటారు. పాఠ్యపుస్తకాల్లో భ్రంశం అని చదువుకున్నది ఇదే. కొండ ప్రాంతాల్లో ఇలాంటివి కంటికి కనిపిస్తాయి. రాతిపొరలు హఠాత్తుగా ఆగిపోతాయి, వాగులు పక్కకు తిరుగుతాయి, గట్టులాంటి మెట్టు ఏర్పడుతుంది.

లోయల్లో పరిస్థితి వేరు. నది ఏటా ఇసుక, ఒండ్రు తెచ్చి పోస్తుంది. ఎప్పుడో వెయ్యేళ్లకో పదివేల ఏళ్లకో ఒకసారి పగులు కదిలి చిన్న మెట్టు ఏర్పడినా, తర్వాతి వరదలు దాన్ని చదును చేసేస్తాయి. ఆ పైన పొలాలు వస్తాయి, రోడ్లు వస్తాయి, చివరికి కాలనీలు వస్తాయి. సమస్య ఏమిటంటే, చదునుగా ఉండి నీళ్లు దొరికే ఇలాంటి చోట్లే మనుషులు ఎక్కువగా స్థిరపడతారు.

తెలియని పగులు ఏం చేస్తుంది?

దీనికి న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ ఉదాహరణ. ఆ నగరం కాంటర్‌బరీ మైదానం అంచున ఉంటుంది. నదులు తెచ్చిన గులకరాళ్లు, ఇసుకతో నిండిన మైదానం అది. 2010 సెప్టెంబర్ 4 తెల్లవారుజామున అక్కడ 7.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. పొలాల మధ్య దాదాపు 30 కిలోమీటర్ల పొడవున నేల చీలింది. కంచెలు, రోడ్లు పక్కకు జరిగిపోయాయి. అంతకుముందు ఏ మ్యాప్‌లోనూ ఆ పగులు లేదు. గ్రీన్‌డేల్ ఫాల్ట్ అన్న పేరు కూడా ఆ తర్వాత పెట్టిందే.

కేంద్రం నగరానికి దూరంగా ఉండటం, అది తెల్లవారుజాము కావడంతో జనం బతికిపోయారు. ఐదు నెలల తర్వాత ఆ అదృష్టం దక్కలేదు. 2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం 12.51కి నగరానికి ఆనుకుని ఉన్న మరో పగులు కదిలింది. అది నేలపై చీలిక కూడా చూపలేదు. తీవ్రత మొదటిదానికంటే తక్కువే, 6.2. అయినా 185 మంది చనిపోయారు. ఆ తర్వాతే నగరం చుట్టుపక్కల, సముద్రంలో కూడా సర్వేలు ముమ్మరమయ్యాయి. వీధుల్లో కంపన ట్రక్కులు నడిపి, నేల కింద ఇంకేం దాగి ఉన్నాయో వెతికారు.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. 2001 జనవరి 26న గుజరాత్‌లోని కచ్‌ను కుదిపేసిన భూకంపానికి కారణమైన పగులు కూడా నేల ఉపరితలం దాకా చీలుకుని రాలేదు.

లోయ వల్ల రెండో సమస్య కూడా ఉంది

మెత్తటి మట్టి పగుళ్లను దాచడమే కాదు, కంపనాన్ని పెంచుతుంది కూడా. గట్టి రాతిలో వేగంగా వచ్చిన అలలు మెత్తటి పొరల్లోకి రాగానే నెమ్మదిస్తాయి, ఊపు పెరుగుతుంది. పళ్లెంలో పెట్టిన జున్నును కదిపితే పళ్లెం కంటే జున్ను ఎక్కువగా ఊగినట్టు.

2001లో కచ్ భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలి 700 మందికి పైగా మరణించారు. ఆ నగరం సబర్మతి ఒండ్రు మీద ఉంది. కింద పార్కింగ్ కోసం స్తంభాలు మాత్రమే వదిలి, పైన అంతస్తులు వేసిన భవనాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. నీటితో నిండిన వదులు ఇసుక అయితే కంపనానికి బురదలా మారిపోతుంది. క్రైస్ట్‌చర్చ్‌లో ప్రధానంగా ఈ కారణంగానే వేల ఇళ్లున్న ప్రాంతాలను ప్రభుత్వం కొనేసి ఖాళీ చేయించింది.

అందుకే లోయల్లో సర్వేకు రెండు లక్ష్యాలు ఉంటాయి. ఒకటి, అడుగున పగులు ఎక్కడుందో కనుక్కోవడం. రెండు, దానిపైన మెత్తటి పొర ఎంత మందం ఉందో కొలవడం.

తవ్వకుండా ఎలా చూస్తారు?

ఆసుపత్రిలో ఒకే జబ్బుకు ఎక్స్‌రే, స్కానింగ్, రక్తపరీక్ష రాసినట్టే, భూమికీ ఒకటి కాదు, నాలుగైదు పరీక్షలు చేస్తారు.

మొదటిది గురుత్వాకర్షణ సర్వే. మీ బరువు అన్నిచోట్లా సరిగ్గా ఒకేలా ఉండదు. కింద బరువైన గ్రానైట్ ఉంటే భూమి కాస్త ఎక్కువగా లాగుతుంది, తేలికైన ఒండ్రు ఉంటే తక్కువగా లాగుతుంది. ఆ తేడా మనకు తెలియనంత చిన్నది. గ్రావిమీటర్ అనే పరికరం పది కోట్లలో ఒక వంతు తేడాను కూడా పట్టుకోగలదు. లోయకు అడ్డంగా ఒక గీత వెంట కొలుస్తూ వెళ్తే, ఒకచోట విలువ హఠాత్తుగా పడిపోతుంది. అడుగున రాయి మెట్టులా కుంగిందన్నమాట. అక్కడ పగులు ఉండొచ్చు. ఇది ఎంత సున్నితమైన పని అంటే, పరికరాన్ని ఒక మీటరు ఎత్తున పెడితే చాలు, అది పట్టగలిగే కనీస తేడాకు 30 రెట్లు మార్పు చూపిస్తుంది. అందుకే ప్రతి చోటా ఎత్తును కచ్చితంగా కొలిచి, లెక్క సరిచేయాలి.

రెండోది అయస్కాంత సర్వే. ఒండ్రులో అయస్కాంత గుణం దాదాపు ఉండదు, అడుగున ఉన్న పాత రాళ్లలో ఉంటుంది. విమానం, హెలికాప్టర్ లేదా డ్రోన్‌కు పరికరం కట్టి సమాంతర గీతల్లో ఎగిరితే, మట్టిని పక్కన పెట్టి కింది రాతిని మాత్రమే చూసినట్టు ఉంటుంది. విస్తీర్ణం ఎక్కువైనా త్వరగా పూర్తవుతుంది. అయితే నగరాల్లో కరెంటు లైన్లు, ఇనుము, రైలు పట్టాలు దీనికి అడ్డం వస్తాయి.

మూడోది కంపన సర్వే. అన్నింటికంటే స్పష్టంగా చూపేది, ఖర్చు కూడా అన్నింటికంటే ఎక్కువ. ప్రత్యేక ట్రక్కు నేలను కొన్ని సెకన్లపాటు వణికిస్తుంది. ఆ అలలు లోపలి పొరలను తాకి తిరిగి వస్తాయి. వరుసగా పాతిన సెన్సర్లు వాటిని నమోదు చేస్తాయి. ఫలితంగా భూమిని కేకులా నిలువునా కోసినట్టు బొమ్మ వస్తుంది. ఒక పొర సాఫీగా సాగుతూ ఒకచోట తెగి, పక్కన కాస్త కిందకు కనిపిస్తే అక్కడ పగులు ఉన్నట్టు. చమురు కంపెనీలు వాడేది ఈ పద్ధతినే.

నాలుగోది విద్యుత్ సర్వే. ఇది పల్లెల్లో చాలామంది చూసిందే. బోరు వేసే ముందు పొలంలో కడ్డీలు దిగ్గొట్టి, వైర్లు లాగి, కరెంటు పంపి పాయింటు చెబుతారు కదా, అదే సూత్రం. నీరున్న చోట, బంకమట్టి ఉన్న చోట కరెంటు సులువుగా పారుతుంది. పగులు వెంట నలిగిన రాయి బంకమట్టిలా మారి, భూగర్భజలానికి గోడలా అడ్డం పడుతుంది. ఒకవైపు నీటిమట్టం ఒకలా, మరోవైపు ఇంకోలా ఉండటం కూడా ఒక ఆధారమే.

ఈ ఆధారాన్ని అంతరిక్షం నుంచి చూసిన సందర్భం కూడా ఉంది. తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉండే అమెరికాలోని శాన్‌హోసే నగరం ఒండ్రుతో నిండిన శాంటాక్లారా లోయలో ఉంది. అక్కడ భూగర్భజలాలు పెరిగి తగ్గినప్పుడల్లా నేల కొన్ని సెంటీమీటర్లు లేచి దిగుతుంది. ఉపగ్రహ రాడార్‌తో చూస్తే ఆ కదలిక ఒక గీత దగ్గర ఠక్కున ఆగిపోయింది. ఆ గీత మట్టి కింద దాగిన సిల్వర్ క్రీక్ ఫాల్ట్. గురుత్వాకర్షణ, అయస్కాంత, కంపన సర్వేలు కూడా దాన్ని అక్కడే చూపించాయి. నాలుగు వేర్వేరు పద్ధతులు ఒకే చోట వేలు పెట్టి చూపినప్పుడే శాస్త్రవేత్తలకు ధీమా వస్తుంది.

గోదావరి లోయ గురించి ఇప్పటికే ఏం తెలుసు?

మనం సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు. ఆదిలాబాద్, మంచిర్యాల వైపు నుంచి పెద్దపల్లి, భూపాలపల్లి, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం మీదుగా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే ఈ పల్లంలో సుమారు 30 కోట్ల ఏళ్ల కిందటి నుంచి ఇసుక, బురద, చెట్ల అవశేషాలు పేరుకున్నాయి. ఆ చెట్లే బొగ్గు అయ్యాయి. సింగరేణి గనులు ఈ పల్లం పుణ్యమే. అవక్షేపాల మందం కొన్నిచోట్ల 3 కిలోమీటర్లకు పైనే. బొగ్గు పొర తవ్వుతూ వెళ్తే హఠాత్తుగా తెగిపోయి, కిందో పైనో మళ్లీ దొరకడం గని కార్మికులకు కొత్త కాదు. అది ఫాల్టే.

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్ఐ, 1961లో ఏర్పడింది. 1960ల్లోనే ఈ లోయ మీద గురుత్వాకర్షణ అధ్యయనాలు చేసింది. లోయ మధ్యలో విలువలు తగ్గి, రెండు అంచుల్లో పెరుగుతాయని అప్పుడే తేలింది. చీలి కుంగిన లోయకు అది గుర్తు. భూమి లోతుల్లోకి చూసే కంపన సర్వేను దేశంలో మొదటిసారి 1970ల్లో నెల్లూరు జిల్లా కావలి నుంచి కర్ణాటక తీరంలోని ఉడుపి దాకా చేశారు. తర్వాత ఎన్‌జీఆర్ఐ అలాంటి సర్వేలను పాల్వంచ నుంచి నర్సాపురం వైపు, కల్లూరు నుంచి పోలవరం వైపు కూడా చేసింది. భారత భూగర్భ సర్వే సంస్థ జీఎస్ఐ 2000లో తెచ్చిన అట్లాస్‌లో కిన్నెరసాని-గోదావరి ఫాల్ట్, కడెం ఫాల్ట్ వంటివి పేర్లతో సహా ఉన్నాయి.

మరి సమస్య ఏమిటి? ఈ సమాచారం వేర్వేరు అవసరాల కోసం సేకరించింది. బొగ్గు కోసం ఒకరు, చమురు కోసం ఒకరు, నీళ్ల కోసం ఒకరు, పరిశోధన కోసం మరొకరు. గీతకూ గీతకూ మధ్య పదుల కిలోమీటర్ల దూరం ఉన్న సర్వే లోయ రూపాన్ని చెప్పగలదు. మీ వార్డు కింద ఏముందో చెప్పలేదు.

ఈ సర్వేలు చెప్పలేనిది

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. మ్యాప్‌లో గీత ఉంది కాబట్టి అక్కడ ప్రమాదం ఉందని కాదు.

ఒకటి, పగులు ఎక్కడుందో సర్వే చెబుతుంది. చివరిసారి ఎప్పుడు కదిలిందో చెప్పదు. గోదావరి లోయలోని పగుళ్లలో చాలావరకు కోట్ల ఏళ్ల కిందట ఏర్పడినవి. వాటిలో ఏవి ఇంకా బతికున్నాయో తేల్చాలంటే సర్వే చూపిన చోట కందకం తవ్వి, తెగిన మట్టిపొరల వయసు లెక్కగట్టాలి. దానికి తోడు భూకంప కేంద్రాల్లో నమోదయ్యే చిన్నచిన్న కంపనాలు ఏ గీత వెంట వరుస కడుతున్నాయో ఏళ్ల తరబడి చూడాలి.

రెండు, ఒకే కొలతకు రెండుమూడు వివరణలు కుదరొచ్చు. గురుత్వాకర్షణ విలువ పడిపోవడానికి పగులే కారణం కానక్కర్లేదు. పాత నది తవ్విన లోతైన కాలువ కూడా కావొచ్చు. నిట్టనిలువుగా కాకుండా పక్కకు మాత్రమే జరిగే పగుళ్లు మెట్టు వదలవు కాబట్టి కొన్ని సర్వేలకు చిక్కకుండా తప్పించుకుంటాయి.

మూడు, లోతు. ములుగు భూకంపం 40 కిలోమీటర్ల లోతులో పుట్టిందని జాతీయ భూకంప అధ్యయన కేంద్రం ప్రకటించింది. లోయలోని అవక్షేపాల మందం కొద్ది కిలోమీటర్లే. అంటే పైన మ్యాప్‌లో ఉన్న గీతకూ, అంత లోతులో కదిలిన చోటుకూ సంబంధం ఉందో లేదో విడిగా తేల్చాల్సిందే. "ఫలానా ఫాల్ట్ వల్లే" అని అదే రోజు సాయంత్రానికి వచ్చే వీడియోలను నమ్మే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఇక భూకంపం ఫలానా తేదీన వస్తుందని ఏ సర్వే, ఏ సంస్థా చెప్పలేదు. అలా వచ్చే మెసేజ్‌లను ఫార్వర్డ్ చేయకండి.

మ్యాప్ ఎవరి చేతికి చేరాలి?

అసలు విషయం ఇక్కడుంది. పగులు మ్యాప్ పరిశోధన పత్రంలో ఉన్నంతకాలం ఎవరినీ కాపాడదు. అనుమతులిచ్చే అధికారి ముందుకు వచ్చినప్పుడే అది ప్రజాసేవ అవుతుంది.

కాలిఫోర్నియాలో 1971 శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత, 1972లో ఒక చట్టం తెచ్చారు. కదిలే పగుళ్ల చుట్టూ జోన్లు గీస్తారు. ఆ జోన్‌లో జనం ఉండే భవనం కట్టాలంటే ముందు భూగర్భ పరిశీలన జరగాలి. పగులు మీద కట్టకూడదు, సాధారణంగా 50 అడుగుల దూరం వదలాలి. ఆ జోన్‌లో ఉన్న ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారికి ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పాలి. అక్కడ ఇల్లు కొన్న మన బంధువులను అడగండి, ఆ కాగితం చూసే ఉంటారు. చిరునామా కొట్టి జోన్ చూసుకునే సౌకర్యం కూడా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉంది.

ఆ చట్టానికీ ఒక హద్దు ఉంది. నేల దాకా చీలే పగుళ్లకే అది వర్తిస్తుంది. 1994 జనవరి 17న లాస్ ఏంజెలెస్ శివార్లలోని నార్త్‌రిడ్జ్‌ను కుదిపేసిన 6.7 తీవ్రత భూకంపం, లోయ కింద ఉపరితలానికి రాని పగులు వల్ల వచ్చింది. అందుకే అక్కడ కంపనం పెరిగే నేల, బురదగా మారే నేలల మ్యాపులను కూడా విడిగా తయారు చేస్తున్నారు.

మన దగ్గర 2002లో సవరించిన భూకంప జోన్ల మ్యాప్ దేశాన్ని 2 నుంచి 5 దాకా నాలుగు జోన్లు చేసింది. అందులో హైదరాబాద్, విశాఖపట్నం 2లో, విజయవాడ, నెల్లూరు 3లో ఉన్నాయి. ఊరికి ఒక అంకె ఇచ్చే మ్యాప్ ఇది. ఒకే నగరంలో రాతి గుట్ట మీద కట్టిన ఇంటికీ, నది ఒడ్డున ఇసుక మీద లేచిన టవర్‌కూ తేడా చూపదు. ఆ తేడా చూపేది మైక్రోజోనేషన్. ఢిల్లీకి అలాంటి వివరమైన నివేదికను కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2016లో విడుదల చేసింది.

సర్వే ముందా, నిర్మాణం ముందా అన్న ప్రశ్న మనకు కొత్తేమీ కాదు. మల్లన్నసాగర్ జలాశయాన్ని తగిన భూకంప అధ్యయనాలు పూర్తి చేయకుండానే నిర్మించారని కాళేశ్వరంపై ఇచ్చిన నివేదికలో కాగ్ తప్పుబట్టింది. ఆ నివేదిక 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ ముందుకు వచ్చింది. మల్లన్నసాగర్ గోదావరి లోయ పల్లంలో లేదు. కానీ పాఠం ఒకటే. కట్టడం పూర్తయ్యాక చేసే సర్వే భయమైనా పెడుతుంది, ధైర్యమైనా చెబుతుంది. స్థలాన్ని మాత్రం మార్చలేదు.

మీరు ఏం చేయొచ్చు?

మీ ప్రాంతం గురించి తెలుసుకోండి. జీఎస్ఐ వారి భూకోశ్ పోర్టల్‌లో భూగర్భ మ్యాపులు ఎవరైనా చూడొచ్చు. జాతీయ భూకంప అధ్యయన కేంద్రం వారి భూకంప్ యాప్‌లో తాజా భూకంపాల వివరాలు ఉంటాయి. మీ ఇంటి దగ్గర గీత కనిపిస్తే కంగారు పడకండి. అది పరిశీలించాల్సిన చోటు అని మాత్రమే అర్థం.

ఫ్లాట్ కొనేముందు బిల్డర్‌ను మూడు ప్రశ్నలు అడగండి. సాయిల్ టెస్ట్ రిపోర్ట్ ఉందా, ఎంత లోతు దాకా చేశారు? స్ట్రక్చరల్ ఇంజినీర్ ఏ జోన్ లెక్కన, భూకంప కోడ్ ఏ ఎడిషన్ ప్రకారం డిజైన్ చేశారు? కింద పార్కింగ్ అంతస్తుకు గోడలు లేకపోవడం వల్ల వచ్చే బలహీనతను ఎలా సరిచేశారు? కృష్ణా, గోదావరి ఒండ్రు మీద కొనేవారికి మొదటి ప్రశ్న మరీ ముఖ్యం. సమాధానం మాటల్లో కాదు, కాగితం మీద తీసుకోండి.

సొంతిల్లు కట్టుకుంటున్నారా? భూకంపాన్ని తట్టుకునేలా కట్టడానికి మొదట్లోనే జాగ్రత్తపడితే పెద్దగా ఖర్చు పెరగదు. స్తంభం, దూలం కలిసే చోట రింగులు దగ్గరగా, కొక్కెం సరిగ్గా వంచి కట్టారో లేదో స్లాబ్ పోసే ముందే చూసుకోవాలి. పోసిన తర్వాత చూడలేం.

మీ కార్పొరేషన్‌ను, ఎమ్మెల్యేను అడగండి. మా నగరానికి మైక్రోజోనేషన్ జరిగిందా? జరిగితే నివేదిక ఎక్కడ? భవన అనుమతుల విభాగం దాన్ని వాడుతోందా? జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టొచ్చు.

భద్రాచలానికీ ములుగుకూ మధ్య 55 ఏళ్లు గడిచాయి. ఆ కాలంలో ఈ లోయలోనూ, దాని చుట్టూ ఉన్న నగరాల్లోనూ ఇళ్ల ఎత్తు పెరిగింది, జనాభా పెరిగింది. కింద ఉన్న పగుళ్లు మాత్రం అవే. వాటిని మనం మార్చలేం. పైన ఏం కడుతున్నామో, ఏం తెలుసుకుని కడుతున్నామో అదొక్కటే మన చేతిలో ఉంది.